మగ్గమెక్కిన తిథి

గిరిధర్ సావుకారి ఆ రోజు గద్వాల నుంచి కారేసుకుని వనపర్తికి వచ్చాడు. సామ్యూల్ కంప్యూటర్ దుకాణంలోకి చెప్పులతోనే అడుగుపెట్టి, లోపల బల్ల ముందు కూర్చున్న శ్రీవాణిని చూశాడు, గుర్తుపట్టాడు, నవ్వాడు. అదే నవ్వు. ఎనిమిది నెలల కింద తమ ఇంటి గడపలో నిలబడి నవ్విన నవ్వే. ఆ నవ్వును శ్రీవాణి ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

"నువ్వు మొగులయ్య బిడ్డవు గదా?" అన్నాడు. "మంచిగున్నది. నాయినేమో నా అంచు దొంగతనం చేసిండు. బిడ్డ అదే అంచుకు చీటీలు రాస్తది."

సామ్యూల్ గతుక్కుమన్నాడు. శ్రీవాణి మాత్రం లేచి కుర్చీ జరిపింది. "కూసోండి సావుకారీ. నీళ్లు తాగుతరా?" అంది.

నీళ్లు! ఇంకొకతె అయితే ఆ చెంబు మొహాన కొట్టేది. కానీ కడుపులో పగ పెట్టుకున్న మనిషి మర్యాద చేస్తుందంటే భయపడాలి. గిరిధర్‌కు ఆ మాత్రం బుద్ధి ఉంటే ఈ కథే లేదు. కూర్చున్నాడు, కాలు మీద కాలేసుకున్నాడు, నీళ్లు తాగాడు.

అసలు సంగతి చెప్పాలి.

శ్రీవాణి తండ్రి మొగులయ్య గద్వాలలో మగ్గం నేసేవాడు. ఆయన అత్తగారి ఊరు సోమశిల. ఎండాకాలం వచ్చి కృష్ణలో నీళ్లు తగ్గే కొద్దీ అక్కడి ఒడ్డు మట్టి మీద రోజుకో గీత పడుతుంది. నీళ్లు నిన్న ఇక్కడిదాకా ఉన్నాయి, ఇవాళ ఇక్కడికి దిగాయి అని ఆ గీతలు చెబుతాయి. అందరూ ఆ ఒడ్డు మీద బట్టలుతుక్కుని వచ్చేవాళ్లే. మొగులయ్య ఒక్కడు అక్కడ గొంతుక్కూర్చుని ఆ గీతలు లెక్కపెట్టుకుని వచ్చాడు. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య సందు ఎలా సన్నబడుతుందో చూసి, దాన్ని పట్టు అంచులోకి దించడానికి రెండేళ్లు తన్నుకులాడాడు. చీర నూలు ఒంటికీ పట్టు అంచుకూ మధ్య అతుకు తెలియకుండా ఆ గీతలు నడవాలి. ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు నేశాడో! చివరికి కుదిరింది. పోయిన ఏడాది వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, ఆగస్టు పదహారున, దీపం పెట్టి పడుగు ఎక్కించాడు. గోడకున్న క్యాలెండర్‌లో ఆ తారీఖు మీద పసుపు చుక్క పెట్టాడు. ఆ అంచుకు సోమశిల అంచు అని తనే పేరు పెట్టుకున్నాడు.

నలభై మగ్గాలకు నూలు, పట్టు ఇచ్చి చీరలు తీసుకునే సావుకారి గిరిధర్. ఒకనాడు వచ్చి మగ్గం మీద ఆ అంచు చూశాడు. "శభాష్ మొగులయ్యా" అని భుజం తట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి నాలుగు ఫొటోలు కొట్టుకున్నాడు. భుజం తట్టిన చెయ్యే గొంతు పిసికింది. సంక్రాంతి దాటగానే అదే అంచు, గీతకు గీత, గిరిధర్ దుకాణం అద్దాల్లో వేలాడింది. పేరు మాత్రం రాజవైభవం.

మొగులయ్య మెతక మనిషి. అయినా ఆ రోజు అడిగాడు. ఫిబ్రవరిలో నేతగాళ్ల సంఘం హాల్లో పెద్దలు కూర్చున్నారు. పెద్దమనిషి కురుమూర్తి. మొగులయ్య తన క్యాలెండర్ కాగితం చింపి తెచ్చి చూపించాడు.

గిరిధర్ దాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని ఊపాడు. "కిరాణం కొట్టోడు ఊరికె ఇచ్చే క్యాలెండర్! దీని మీద పసుపు నేడు పెట్టొచ్చు, రేపు పెట్టొచ్చు. నాది చూడు. కంప్యూటర్ కాగితం. నా మగ్గం మీద ఈ అంచు ఎప్పుడెక్కిందో తారీఖు, గంటతోని ఉన్నది" అని ఒక కాగితం కురుమూర్తి ముందు పరిచాడు. దాని మీద ఇలా ఉంది: 04/08/2024 10:15.

ఆగస్టు నాలుగు. మొగులయ్య కంటే పన్నెండు రోజులు ముందు.

కాగితం చేతులు మారింది. అంకెలు చూశారు, తలలూపారు. గద్వాల నేతగాళ్లకు తిథులు తెలుసు, వారాలు తెలుసు, పండుగలు తెలుసు. ఆరు నెలల కిందటి ఇంగ్లీషు తారీఖు ఏం రోజో ఎవరికి గుర్తుంటుంది? నున్నటి కాగితం మీద నల్లటి అంకెలు కనబడ్డాయి. నమ్మేశారు. తీర్పు అయిపోయింది.

తీర్పుతో పోతే బాగుండు. మొగులయ్య అందరి ముందూ చేతులు జోడించి "తప్పయింది" అనాలన్నారు. ఆయన తన ఇంట్లో మగ్గం మీదున్న సగం చీర పడుగును తన చేత్తోనే కోయాలన్నారు. కోశాడు. కత్తెరకు పడుగు ఒక్కసారికి తెగలేదు. మూడుసార్లు కోశాడు. గడపలో నిలబడి గిరిధర్ నవ్వాడు.

తెగిపడిన ఆ ముక్కలో జానెడు అంచును శ్రీవాణి తీసి దాచుకుంది. ఆనాటి నుంచి మొగులయ్య తన మగ్గం మీద కూర్చోలేదు. పొద్దున్నే బస్సెక్కి అమరచింత పోయి, ఎవరి మగ్గం మీదో ఒట్టి తెల్లగుడ్డ నేసి వస్తున్నాడు. వాడకట్టులో ఎవరైనా ఎదురైతే తల దించుకుంటున్నాడు. దొంగ అనిపించుకున్న మనిషి అంతకంటే ఏం చేస్తాడు?

అట్లాంటి మనిషి బిడ్డకు గిరిధర్ తన చేతులారా పని తెచ్చి ఇచ్చాడు. ఎవరి గొయ్యి వాళ్లే తవ్వుకోవడమంటే ఇదే.

గద్వాలలో కొత్త షోరూం తెరుస్తున్నాడట. ప్రతి చీరకూ ఒక చీటీ ఉండాలి. దాని మీదున్న గళ్ల గుర్తుకు ఫోన్ చూపిస్తే ఆ చీర పుట్టుక అంతా తెర మీదికి రావాలి. ఏ మగ్గం, ఏ అంచు, ఎప్పుడు మగ్గమెక్కింది. హైదరాబాదు, బెంగళూరు వాళ్లకు ఇట్లాంటివంటే మోజు.

"నా దగ్గర నూట నలభై చీరల పట్టీ ఉన్నది" అని పెన్‌డ్రైవ్ బల్ల మీద పడేశాడు. "మొదటిది రాజవైభవం. ప్రారంభం నాడు దాన్ని అద్దాల పెట్టెల పెడుతున్న. ఇంకో మాట. పట్టీల ఉన్నది ఉన్నట్టు ఎక్కియ్యాలె. ఒక్క అంకె మార్చినవో, మీ ఇద్దరి సంగతి చూస్త."

"మార్చ సావుకారీ" అంది శ్రీవాణి. "ఒక్క అంకె కూడ మార్చ."

ఆయన కారు కదలగానే సామ్యూల్ తల పట్టుకున్నాడు. సామ్యూల్ తల్లిదండ్రులు మట్టిపనికి ఊళ్లు పట్టుకు తిరిగినవాళ్లు. ఆ బతుకులోంచి చదువుకుని పైకొచ్చి ఈ దుకాణం పెట్టుకున్నాడు. "చెల్లే, నాకు ఈ దుకాణం తప్ప ఇంకోటి లేదు. నువ్వేమన్న గడబిడ చేస్తే నన్ను బతకనియ్యడు" అన్నాడు.

"ఏం చెయ్యనన్నా. చెప్పినట్టే చేస్త."

అప్పటికి నిజంగానే ఆమె మనసులో ఉపాయమేదీ లేదు. మంట ఉంది, అంతే.

పట్టీ తెరిచింది. మొదటి వరుసలోనే ఉంది. 04/08/2024 10:15. తండ్రి చేత పడుగు కోయించిన అంకెలు.

కంప్యూటర్‌తో ఒక చిక్కుంది. దానికి తారీఖు అంటే ఏమిటో తెలియదు. 1970 జనవరి ఒకటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో అన్న లెక్కే దానికి తెలుసు. ఆ లెక్కను మనిషి చదివే మాటగా మార్చేది ప్రోగ్రాం రాసేవాళ్లు. రోజు ముందు రావాలా, నెల ముందు రావాలా, నెలను అంకెలో రాయాలా, పేరుతో రాయాలా, పన్నెండు గంటల గడియారమా, ఇరవైనాలుగు గంటలదా, అన్నీ వాళ్లే చెప్పాలి. ఎవరో కొట్టిన అంకెలను చదివి లెక్కలోకి మార్చేటప్పుడు కూడా అంతే. రోజు ఏదో నెల ఏదో చెప్పకపోతే అది తనకు తోచినట్టు చదువుకుంటుంది. గిరిధర్ పట్టీలో తారీఖులన్నీ చేత్తో కొట్టిన ఒట్టి రాతలు. 04/08 అంటే ఆగస్టు నాలుగా, ఏప్రిల్ ఎనిమిదా?

సావుకారికి ఫోన్ చేసింది. "మీ పట్టీల రోజు ముందున్నదా, నెల ముందున్నదా?"

"ఏందా ప్రశ్న? రోజే ముందు. మనమేమన్న అమెరికోళ్లమా?" అని కసిరి పెట్టేశాడు.

సరే, రోజే ముందు. ఆగస్టు నాలుగు. ఇంతకూ ఆగస్టు నాలుగు ఏం రోజు? ఊరికే చూద్దామనుకుంది. దుకాణంలో సామ్యూల్ వాళ్ల చర్చి క్యాలెండర్ ఉంది గానీ అందులో తిథులుండవు. మధ్యాహ్నం అన్నానికి అద్దె గదికి పోయినప్పుడు ఇంటామెను అడిగి, జనవరి నుంచి డిసెంబర్ దాకా ఉండే పోయినేటి పంచాంగం తెచ్చుకుని తెరిచింది.

ఆగస్టు నాలుగు, ఆదివారం. ఆషాఢ బహుళ అమావాస్య.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అమావాస్య నాడు గద్వాల మగ్గం ఆడదు. ఆ రోజు మగ్గానికి సెలవు. కడిగి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుంటారు. పడుగు ఎక్కించడం సంగతి దేవుడెరుగు, పేక పోసే నాడెను కూడా చేత్తో ముట్టుకోరు. ఆకలితో మాడిన తాతలు కూడా అమావాస్య నాడు మగ్గమాడించలేదు. పసిపిల్ల కూడా చెబుతుంది ఈ మాట. గిరిధర్ తాత నేతగాడే, తండ్రి నేతగాడే. వాడు మాత్రం మగ్గం దిగి ముప్పై ఏళ్లయింది. మొగులయ్య కంటే ముందున్న తారీఖు ఏదో ఒకటి కావాలనుకున్నాడు, నోటికొచ్చింది కొట్టేశాడు. కొట్టేటప్పుడు ఆ రోజు ఆకాశంలో చంద్రుడున్నాడో లేడో చూసుకోవాలని తోచలేదు. నేతను మరిచిపోయిన నేతగాడు మాత్రమే చేసే తప్పది.

శ్రీవాణి ఇంకా కొన్ని పేజీలు వెనక్కి తిప్పింది. అక్కడ ఇంకేదో చూసింది. ఒక్కతే గట్టిగా నవ్వింది. ఇంటామె వంటింట్లోంచి "ఏమైందే?" అని అడిగితే "ఏం లేదు పెద్దమ్మా, దేవుడున్నడు" అంది. ఆ పేజీ సంగతి తర్వాత చెబుతాను.

చెయ్యి కడుక్కుని మళ్లీ ఫోన్ చేసింది. గొంతులో తేనె పోసుకుంది.

"సావుకారీ, ఒట్టి అంకెలైతే బస్సు టికెట్టు లెక్క కనబడ్తది. తెలుగు నెల, తిథి, వారం రాయిస్తే మంచిగుంటది. 'మగ్గమెక్కిన తిథి' అని పైన పెడ్త. పట్నపోళ్లు మురిసిపోతరు."

"గిట్ల చెప్పు!" అన్నాడు గిరిధర్. "పెండ్లి పత్రిక లెక్క ఉండాలె. ఎంతైన నేతోళ్ల పిల్లవు."

ఆ తర్వాత వారం రోజులు శ్రీవాణి మూడేళ్ల పంచాంగాన్ని ఒక్కో రోజూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఏ తిథి ఏ గంటకు మొదలై ఏ గంటకు పోతుందో అంతా కొట్టింది. ప్రోగ్రాం రాసింది. అంకెలిస్తే చాలు, చక్కటి తెలుగులో వాక్యం వస్తుంది. పని చేస్తున్నంతసేపూ జానెడు అంచు ముక్క బల్ల సొరుగులో ఉంది. విసుగొచ్చినప్పుడల్లా సొరుగు లాగి చూసుకునేది. విసుగు పోయేది.

సామ్యూల్ మూడో రోజే పసిగట్టాడు. వెనక నిలబడి తెర చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆయన క్రైస్తవుడే గానీ చుట్టూ నేతగాళ్ల మధ్య మసలినవాడు, అమావాస్య సంగతి తెలియదా?

"చెల్లే, పగ దేవునికి ఇడిసిపెట్టాలె అంటడు మా పాస్టరు."

"దేవునికి కంప్యూటర్ రాదన్నా."

సామ్యూల్‌కు నవ్వాగలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అంకె మార్చినవా?"

"మార్చలే. ఆయన కొట్టిన అంకెనే తెలుగుల చదివిపిస్తున్న."

"మరైతే చేతిరాత తీసుకో" అన్నాడు సామ్యూల్. "ఇచ్చిన వివరాలన్ని నావే, ఒక్క అంకె మార్చొద్దని నేనే చెప్పిన అని సంతకం పెట్టిపించు. రేపు మాట మారుస్తడు."

పెట్టించింది. గిరిధర్ చదవకుండా సంతకం గీకాడు. అంతటితో ఆగలేదు శ్రీవాణి. చాటున పొడిచిందన్న మాట రాకూడదని, నూట నలభై చీరల చీటీలూ వరసగా ఆయన ఫోన్‌కు పంపి "చూసి చెప్పండి" అని రాసింది. పంపాక ఫోన్ చేతిలోంచి దించలేదు. మొదటిదే చూస్తే అయిపోయె! కానీ నిమిషం తిరక్కముందే బొటనవేలు బొమ్మ వచ్చింది. చదివినవాడు నిమిషంలో బొటనవేలు పెట్టడు. "చూసుకొమ్మని చెప్పిన. ఇగ నాది తప్పు లేదు" అని ఫోన్ బోర్లా పెట్టింది.

నవంబర్ పదహారు, ఆదివారం పొద్దున షోరూం ముందు షామియానా వేశారు. ఫొటోల్లో బాగుంటుందని నేతగాళ్లను ముందు వరసల్లో కూర్చోబెట్టాడు గిరిధర్. నలభై మగ్గాలవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, సంఘం పెద్దలు. కురుమూర్తి భుజం మీద కొత్త కండువా. గిరిధర్ దగ్గర కండెలు చుట్టే ముసలి జంగమ్మ మొదటి వరసలో కాళ్లు చాపుకుని కూర్చుంది. మొగులయ్య రాలేదు. ఆయన్ను పిలిచిందెవరు?

శ్రీవాణి పక్కన ఒక బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. గిరిధర్ మైకు పట్టుకుని "ఈ యంత్రం పని చేసింది ఎవరనుకుంటున్నరు? మొగులయ్య బిడ్డ! నేను మనసుల ఏం పెట్టుకునేటోణ్ని కాదు" అన్నాడు. నలుగురు చప్పట్లు కొట్టారు. కొట్టండి, కొట్టండి, ఇంకాసేపట్లో తెలుస్తుంది అనుకుంది శ్రీవాణి.

హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అధికారిణి ముఖ్య అతిథి. అద్దాల పెట్టె మీది ముసుగు తీసింది. లోపల రాజవైభవం చీర, దాని అంచులో సోమశిల గీతలు. మొగులయ్య గొంతుక్కూర్చుని లెక్కపెట్టిన గీతలు. చీటీకి ఫోన్ చూపించింది. వెనక పెద్ద తెర వెలిగింది. ఆమె పట్నం తెలుగులో ముద్దుముద్దుగా చదివింది.

"అంచు: రాజవైభవం. మగ్గం: గిరిధర్ గారి సొంత మగ్గం. మగ్గమెక్కిన తిథి: ఆషాఢ బహుళ అమావాస్య, ఆదివారం, 4 ఆగస్టు 2024, ఉదయం 10:15."

చదివి నవ్వుతూ చప్పట్ల కోసం చూసింది.

ఒక్క చప్పుడు లేదు. నేతగాళ్లు తెర వైపు చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. జంగమ్మ చాపిన కాళ్లు ముడుచుకుంది.

"అమ్మా, జర మళ్లొకసారి సదువు. ఏ దినమన్నవ్?"

"అమావాస్య అండి. ఆషాఢ అమావాస్య."

"అమాసనా!" జంగమ్మ లేచి నిలబడింది. "అమాస నాడు మగ్గమెక్కిచ్చిన్రా? ఓరి నీ ఇల్లు బంగారంగాను! ఎవడురా ఆ పాపిష్టోడు? ఎవని చెయ్యిరా అది?"

గిరిధర్ మొహంలో రంగు పోయింది. కురుమూర్తి మెల్లగా లేచి తెర దగ్గరికి నడిచాడు. అంకెలు చూశాడు. నాలుగో తారీఖు, ఎనిమిదో నెల, ఇరవైనాలుగు. పదింబావు. ఆ అంకెలు ఆయనకు తెలుసు. ఆ అంకెలనే చూసి ఆయన ఒక మనిషి చేత కత్తెర పట్టించాడు.

"గిరిధరూ" అన్నాడు. "ఆనాడు నాకు చూపించిన తారీఖు ఇదే గదా? ఆ దినం పడుగు ఎక్కిచ్చిందెవలు? పేరు చెప్పు."

గిరిధర్ నేతగాళ్ల వైపు చూశాడు. ఆ నలభై మందిలో ఎవరో ఒకరు నేసిందే ఆ చీర. కూలికి నేశారు, నోరు మూసుకున్నారు. సావుకారి కోసం చిన్న అబద్ధమాడమంటే ఇవాళ కూడా ఆడేవాళ్లుంటారు. కానీ నేనే అమావాస్య నాడు మగ్గం ముట్టుకున్నానని కులం ముందు ఎవడు ఒప్పుకుంటాడు?

"నేను గాదు" అన్నాడొకడు.

"నేను గాదు, నా తోడు."

"మా ఇంట్ల అమాస నాడు నాడె ముట్టరు. కావాలంటే మా అమ్మనడుగు."

వరసలో ఒక్కొక్కరే లేచి చెప్పారు. ఒకడు మాత్రం కాస్త ఆగి, తల దించుకుని, "నా మగ్గం మీద నేసిన. దీపావళి పోయినంక ఎక్కిచ్చిన. అంతకు ముందు కాదు. సావుకారి ఫోన్ల ఫొటో చూపిచ్చి గిట్ల నెయ్యి అన్నడు" అన్నాడు.

"కంప్యూటర్ తప్పు!" గిరిధర్ అరిచాడు. "ఈ పోరి కావాలని చేసింది! దొంగ బిడ్డ!"

శ్రీవాణి లేచి సంతకం కాగితం తీసుకెళ్లి కురుమూర్తి చేతిలో పెట్టింది. "పెద్దనాయినా, ఒక్క అంకె మార్చలే. ఆయన పట్టీల ఉన్నదే ఇది. ఆయన సంతకమే అది."

కురుమూర్తి చదివాడు. గిరిధర్ తెర వైపు తిరిగి ఆ తారీఖును మళ్లీ చదువుకున్నాడు. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడు. ఆయనకూ ఒకటి దొరికింది.

"ఆఁ! అంకెలు ఉల్టా అయినయి!" అన్నాడు. "నెల ముందు, రోజు తర్వాత! అది ఆగస్టు నాలుగు కాదు, ఏప్రిల్ ఎనిమిది! కంప్యూటర్‌ల గట్లనే ఉంటది. ఈ పిల్ల చదివిపిచ్చుడే తప్పు. ఏప్రిల్ ఎనిమిది అంటే మొగులయ్య కంటే ఇంకా నాలుగు నెలలు ముందు!"

జనంలో గుసగుస లేచింది. అధికారిణి కూడా "అవునండి, అలా పొరపాటు జరుగుతుంది" అంది. గిరిధర్‌కు ఊపిరి వచ్చింది.

రోజే ముందని ఫోన్‌లో చెప్పిన సంగతి శ్రీవాణి ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది? ఈ మాట కోసమే నెల రోజులుగా కాచుకుని ఉంది.

"ఏప్రిల్ ఎనిమిదేనా సావుకారీ? మంచిగ చూసుకుని చెప్పుండ్రి."

"ఏప్రిల్ ఎనిమిదే! ఎవలన్న అడగనీ!"

"అందరు ఇన్నరు గదా?" అని బల్ల దగ్గరికి వచ్చింది. "మీరన్నట్టే నెల ముందు పెడుతున్న. అంకెలు అవే ఉంటయి." ఒక్క చోట మార్చి మీట నొక్కింది.

తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది. ఈసారి కురుమూర్తే గట్టిగా చదివాడు.

"మగ్గమెక్కిన తిథి: ఫాల్గుణ బహుళ అమావాస్య, సోమవారం, 8 ఏప్రిల్ 2024, ఉదయం 10:15."

ఇంటామె పంచాంగంలో శ్రీవాణి చూసి నవ్విన పేజీ అదే.

"తెల్లారితె ఉగాది!" జంగమ్మ రెండు చేతులూ కొట్టుకుంది. "ఉగాది ముంగటి అమాస! అయ్యో సావుకారీ, ఎటు తిప్పినా అమాసేనా నీకు? నీ ఇంట్ల పున్నమే రాదా?"

షామియానా అంతా గొల్లుమంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. అధికారిణికి సగమే అర్థమైంది, ఆమె కూడా నవ్వింది. గిరిధర్ మైకు కింద పెట్టబోతే అది జారిపడి కీచుమంది. లోపలికి పోయి తలుపేసుకున్నాడు. కొత్త షోరూం తలుపు, ఇంకా కొబ్బరికాయ కూడా కొట్టలేదు.

ఎట్లా ఉంది శ్రీవాణికి? తియ్యగా ఉంది. అబద్ధమెందుకు? పగ తీర్చుకుంటే చివరికి మనసంతా చేదవుతుందని పెద్దలు చెబుతారు. ఆ పెద్దల నాయన చేతికి ఎవరూ కత్తెర ఇచ్చి ఉండరు.

మధ్యాహ్నానికి ఆమె ఇల్లు చేరేసరికే కబురు వాడకట్టంతా పాకింది. మొగులయ్య ఖాళీ మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శ్రీవాణి సంచిలోంచి జానెడు అంచు ముక్క తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి, నూలు పట్టు కలిసిన అతుకు దగ్గర గోటితో రాసి చూశాడు.

"గిది ఎక్కడిది బిడ్డా?"

"నువ్వు కోసిందే నాయినా. దాచిన."

ఆయన కళ్లు తుడుచుకునే లోపలే గడపలో అలికిడైంది. కురుమూర్తి, వెనక నలుగురు పెద్దలు. కురుమూర్తి భుజం మీది కొత్త కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మొగులయ్యా" అన్నాడు. "నీ పసుపు చుక్క నిజం. కాగితం చూసి కళ్లు మూసుకున్నం. తప్పు మాది. సోమశిల అంచు నీదే అని సంఘం పుస్తకంల రాస్తం. అద్దాల పెట్టెల చీర తీయిపిచ్చినం."

మొగులయ్య ఇంకా అంచు ముక్కనే గోటితో రాస్తున్నాడు. శ్రీవాణే అంది. "గంతేనా పెద్దనాయినా? మా నాయిన అందరి ముంగట చేతులు జోడిచ్చిండు. తన పడుగు తనే కోసుకున్నడు. ఆయనో?"

"ఆయన కూడ వస్తడు తల్లీ. గిరిధర్‌తోని మాట్లాడే వచ్చినం. లేకుంటే ఒక్క మగ్గం ఆయనకు ఆడదని చెప్పినం. మీ గడపల నిలబడి తప్పయిందంటడు. ఆ చీర తన చేతోనే కోస్తడు. రేపు పొద్దుగాలనే వస్తనన్నడు."

తొందరగా వచ్చి గబగబా అనేసి పోదామని గిరిధర్ ఆలోచన. ఎవరికి తెలియదు? సోమవారం పొద్దున నలభై మగ్గాలూ దడదడా ఆడుతుంటాయి. పక్కింట్లో పిలిచినా వినపడదు. ఆ చప్పుడులో గొణిగితే ఎవరికీ వినిపించదు.

మొగులయ్య అంచు ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి తలెత్తి కురుమూర్తి కళ్లలోకి చూశాడు.

"రేపొద్దన్నా. గురువారం రమ్మను."

"గురువారమే ఎందుకు?"

"గురువారం అమాస. మగ్గాలాడవు. ఎంత మెల్లగ చెప్పినా వాడకట్టంతటికి ఇనబడ్తది."

కురుమూర్తి తలూపాడు. గడప దిగబోతూ ఆగి, "ఎన్ని గంటలకు రమ్మందాం?" అని అడిగాడు.

"పదింబావుకు" అంది శ్రీవాణి.